గట్టు దిగి నిలబడే పెద్దమ్మ

మా పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికలో చాలామంది మాట్లాడారు. పాస్టరుగారు ఆమె భక్తి గురించి చెప్పారు. ఆమె దగ్గర చదువుకుని, పెద్ద ఉద్యోగాలు చేసి, రిటైరై, జుట్టు నెరిసిన విద్యార్థులు లేచి ఆమె లెక్కల పాఠం గురించీ బెత్తం గురించీ చెప్పారు. మా తమ్ముడు మైకు పట్టుకుని క్రమశిక్షణ అన్నాడు, త్యాగం అన్నాడు, మైకు ఇచ్చేసి కూర్చున్నాడు. ఆమె నడక గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు. మరిచిపోయి కాదు, అందరికీ శుభ్రంగా గుర్తుంది. భోజనాల దగ్గర మా పిన్ని కూతురు నా చెవిలో, "అక్కా, ఆ తిరుగుళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు, బతికిపోయాం" అని కూడా అంది. పోయిన మనిషిని తలుచుకుని కూడా సిగ్గుపడే కుటుంబం మాది. నేనూ అందులో ఒకదాన్నే. కాకపోతే నా సిగ్గు వేరు, వాళ్ళ సిగ్గు వేరు.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. అమలాపురంలో ఒక మిషన్ బడిలో టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "అడిగినవాళ్ళు నచ్చలేదు, నచ్చినవాళ్ళు అడగలేదు" అని నవ్వేసేది. పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉండేది. లేత రంగు నేత చీరలు తప్ప కట్టేది కాదు. మా సంఘంలో ఆడవాళ్ళు బొట్టు పెట్టుకోరు, పెద్దమ్మయితే గాజులు కూడా వేసుకునేది కాదు. బోర్డు మీద రాస్తుంటే చప్పుడు చేస్తాయట.

క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు మేమంతా తిన్నది అరగక పడుకుని ఉంటే, పెద్దమ్మ పెందలాడే లేచి, చేతిసంచిలో ఒక చీరా, తువ్వాలూ, అటుకుల పొట్లం, బైబిలూ పెట్టుకుని, గొడుగు చంకలో ఇరికించుకుని బస్టాండుకి వెళ్ళిపోయేది. కొత్త సంవత్సరం ఆరాధన వేళకి మళ్ళీ వచ్చేసేది. ఈ నడుమ రోజుల్లో ఆవిడ చేసే పనల్లా నడవడం. ఎవరింటికో పెళ్ళికి కాదు, మొక్కు తీర్చుకోడానికి కాదు, సువార్త చెప్పడానికైనా కాదు. ఊరికే నడవడం. డెబ్బైలలో కోనసీమలో ఆడమనిషి ఊరికే నడుస్తుందంటే, మతి చలించిందనుకుంటారు, లేకపోతే అంతకంటే చెడ్డది ఇంకేదో అనుకుంటారు.

బస్సు కండక్టర్లందరికీ ఆవిడ తెలుసు. ఒకాయన టిక్కెట్ల పెట్టె తెరుస్తూ, "ఎక్కడికండీ టీచరుగారూ?" అని అడగడం నాకు గుర్తు.

"కాలవ గట్టు ఎక్కడ తగిలితే అక్కడ ఆపు బాబూ."

"అలాగ టిక్కెట్టు ఉండదండీ. ఊరు పేరు చెప్పాలండీ."

"నీకు నచ్చిన ఊరికి కొట్టు. నాకు నచ్చినచోట నేను దిగుతాను."

బస్సంతా ఘొల్లుమంది. కండక్టరు, "ఆయ్, అలాగేనండి" అని రాజోలుకి టిక్కెట్టు చింపి ఇచ్చాడు. పెద్దమ్మ ఎక్కడో మధ్యలో, మనిషి జాడ లేనిచోట దిగిపోయింది. దిగగానే చెప్పులు విప్పి సంచిలో పెట్టేసుకునేది. గట్టు మన్ను మెత్తగా ఉంటుందనీ, చెప్పులేసుకుని నడిస్తే అన్నం మూటగట్టుకుని ఆకలితో ఉన్నట్టుంటుందనీ అనేది. పొద్దు వాలినచోటే మకాం. ఆ ఊళ్ళో మా సంఘం గుడి ఉంటే పాస్టరుగారి వరండా, లేకపోతే బడి, అదీ లేకపోతే కాలవ లాకుల దగ్గర కాపలావాళ్ళ ఇల్లు. "చాప ఒకటిప్పించండి చాలు" అని అడిగేది. పొద్దున్నే లేచి, తాను పడుకున్నచోటుతో పాటు వాకిలి కూడా ఊడ్చేసి, బిందెడు నీళ్ళు తెచ్చి పెట్టి మరీ కదిలేది. పాస్టరమ్మలు మొహమాటంతో చచ్చిపోయేవారు.

మా అమ్మమ్మకి ఈ వ్యవహారమంతా ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది. అమ్మమ్మ తన వయసంతా కామందుల చేలల్లో కూలి చేసిన మనిషి. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఆ గట్లన్నీ తొక్కింది. తాతయ్య మిషన్ వాళ్ళ దగ్గర నాలుగు అక్షరాలు నేర్చుకుని, తరవాత కూతుళ్ళకి చదువులు చెప్పించాడు. అంచేత ప్రతి ఏడూ క్రిస్మస్ మర్నాడు అమ్మమ్మ మంచం మీంచే అందుకునేది.

"మీ అయ్య మిమ్మల్ని సదివించింది మళ్ళీ గట్లెంట తిరగడానికా? నడక మనకి పనే గాని సరదా ఎప్పుడయ్యిందే? బస్సులేసేరు కదా, సుబ్బరంగా ఎక్కి కూచోవచ్చు కదే!"

పెద్దమ్మ తల దువ్వుకుంటూ, "నువ్వు నడిచిన దార్లేనమ్మా. నెత్తి మీద మోపు లేకుండా నడిస్తే ఎలా ఉంటదో చూసొస్తున్నాను" అనేది.

ఒక ఏడు అమ్మమ్మ ఉండబట్టలేక, "ఎలాగుందేటి?" అని అడిగేసింది.

"బాగుందమ్మా. నువ్వూ రా."

అమ్మమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది.

నేను ఇంటర్మీడియట్‌లో ఉండగా మా అమ్మ నన్ను ఆవిడకి తోడు పంపించింది. "ఒక్కత్తీ తిరుగుతుంటే నలుగురూ నాలుగు రకాలుగా అంటున్నారు. నువ్వు కూడా ఉంటే కాస్త గౌరవంగా ఉంటుంది" అంది. మరి నా గౌరవం మాటేమిటని అడిగితే గరిటె చూపించింది. అప్పటికి నేను ఎత్తుమడమల చెప్పులు కొత్తగా కొనుక్కుని ఉన్నాను. అవి తొడుక్కునే కొత్తపేట దాటి పలివెల వైపు గట్టెక్కాను. కాసేపటికే చేత్తో పట్టుకున్నాను. నా అదృష్టం కొద్దీ పక్క రోడ్డు మీద బస్సు పోతూ, అందులోంచి నాతో చదివే అమ్మాయిలు తలలు బయటపెట్టి, "ఏమే, బస్సు తప్పిపోయిందా?" అని అరిచారు. కాలవ చీలి నన్ను లోపలికి తీసుకుంటే బాగుండుననిపించింది.

ఎగతాళి చేసినవాళ్ళని భరించొచ్చు గాని, జాలిపడేవాళ్ళని భరించడం కష్టం. కళ్ళంలో కుప్పలు నూరుస్తున్న రైతులు పని ఆపి మరీ పలకరించేవాళ్ళు. "ఏవమ్మా, బస్సు దాటిపోయిందా? ఇప్పుడే ఇంకోటొస్తాది, అలా నీడన నిలబడండి." పెద్దమ్మ, "ఫర్లేదండీ, నడుస్తన్నాం" అనేది. "నడిచి ఎక్కడికండీ?" "ఎక్కడికీ లేదండీ." దాంతో వాళ్ళ మొహాల్లో జాలి స్థానంలో అనుమానం వచ్చేది. తరవాత వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఇంతకీ మీరేవిట్లండీ?"

మా వైపు కులం అడగడమంటే అదే. పెద్దమ్మ ముందు, "నడిచేవాళ్ళమండీ" అని చమత్కరించేది. వాళ్ళు నవ్వి, "అది కాదండీ, ఏవిట్లూ అని" అంటూ మళ్ళీ అడిగేవాళ్ళు. అప్పుడు దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పేసేది. అంతే, గ్లాసుతో రాబోతున్న నీళ్ళు చెంబుతో దోసిట్లోకి వచ్చేవి. వాళ్ళు ఎత్తి పోసేవాళ్ళు, పెద్దమ్మ వంగి తాగేది, మూతి తుడుచుకుని, "చల్లగా ఉన్నాయమ్మా" అనేది. నేను తాగేదాన్ని కాదు. నాలుక పిడచకట్టుకుపోయినా తాగేదాన్ని కాదు. ఆ దోసిలి చూస్తే నాకు ఒళ్ళంతా మంట, ఆ మంటలో సగం పోసేవాళ్ళ మీద, సగం తాగే ఆవిడ మీద.

అన్నిటికన్నా నాకు తల కొట్టేసినట్టుండేది మరొకటి ఉంది. పొద్దున్నపూట గట్టు మీద ఎవరైనా శుభకార్యానికో ముఖ్యమైన పనికో ఎదురొస్తుంటే, పెద్దమ్మ వాళ్ళని అంత దూరాన్నే కనిపెట్టి గట్టు దిగిపోయేది. చేలోకి దిగి, గొడుగు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని, వాళ్ళు దాటి వెళ్ళిందాకా వీపు తిప్పి నిలబడేది. బొట్టులేని ఆడమనిషి పొద్దున్నే ఎదురైతే వాళ్ళు పని మానుకుని వెనక్కి పోతారని ఆవిడకి తెలుసు. బళ్ళో హెడ్‌మాస్టరుగారిని కూడా నిలబెట్టి తప్పు దిద్దే మనిషి, గట్టు మీద ఎవరో అనామకుడు కొత్త బట్టలతో కనిపిస్తే చేలోకి దిగిపోవడం నేను చూడలేకపోయేదాన్ని.

"మనమెందుకు దిగాలి? నువ్వు విధవవి కూడా కాదు!" అని ఒకసారి గట్టిగానే అరిచాను.

"నేనేమిటో వాళ్ళకి తెలీదు కదే. పొద్దున్నే ఒకళ్ళ మనసు కలతపెట్టడం దేనికి? మనకి తొందరేముంది? మనం ఎక్కడికీ వెళ్ళట్లేదు కదా."

నేను డిగ్రీలో చేరిన ఏడు క్రిస్మస్ మర్నాడు వైనతేయ దాటి అవతలి గట్టున, రేవు దగ్గర పాస్టరుగారింట్లో పడుకున్నాం. తెల్లవారుతూండగా రేవుకి వీపు పెట్టి కాలవ గట్టు పట్టుకున్నాం. ఆ రోజు మంచు దట్టంగా కురుస్తోంది, పక్కనున్న పెద్దమ్మే నాకు సరిగా కనిపించడం లేదు. ఒక కుర్రాడు మంచులోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, మమ్మల్ని తోసుకుంటూ రేవు వైపు పోయాడు. "పంటు ఆపాలండీ, మా ఆవిడికి నొప్పులండీ" అని పోతూ పోతూ అరిచాడు. నది దాటించే పంటు పొద్దున్నే ఒకసారి వెళ్ళిందంటే అవతలి ఒడ్డున జనం నిండిందాకా తిరిగి రాదు. అవతలికి వెళ్తే బస్సు, బస్సెక్కితే అమలాపురం ఆసుపత్రి. ఇవతల ఉండిపోతే మంత్రసానీ దేవుడూ.

ఎడ్ల మెడలో గంటలు వినిపించేసరికే బండి మా ముందుకొచ్చేసింది. ఒకపక్క కాలవ, రెండోపక్క దట్టంగా మొగలి పొదలు. దిగడానికి చోటు లేదు. గూడుబండి ముందు కూర్చున్న ముసలావిడ పెద్దమ్మని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఆపరా బండి! ఇదేం ఎదురురా పొద్దున్నే! తిప్పు, ఇంటికి తిప్పు. కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరదాం."

"పంటు ఎల్లిపోద్దండీ అమ్మగారూ" అన్నాడు బండి తోలే మనిషి.

"ఎల్తే ఎల్లనీ. పెద్దకోడల్నీ ఇలాగే ఎదురు చూసుకోకుండా తీసుకెళ్ళేం. మళ్ళీ ఇంటికి తెచ్చుకున్నామా?" అంటూ ముసలావిడ ఏడుపు మొదలెట్టింది. లోపల్నుంచి ఒక మూలుగు, ఆ వెనకే సన్నటి గొంతు. "అత్తయ్యా, వెనక్కొద్దు. నా వల్ల కాదు."

పెద్దమ్మ రెండడుగులు ముందుకేసింది. "అమ్మా, నేను విధవని కాదండీ. కిరస్తానీవాళ్ళమండీ. మాలో బొట్టు పెట్టుకోరు, అంతేనండి. పోనివ్వండి."

"ఏదైతేనేం తల్లీ, బొట్టులేని మొహమే కదా!"

బండివాడు దిగి ఎడ్లని వెనక్కి నెట్టడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ గొడుగు కింద పడేసి కాడి పట్టుకుంది.

"నా భర్త బతికే ఉన్నాడండీ" అంది.

నేను ఆవిడ మొహంలోకి చూశాను. పెద్దమ్మ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు.

ముసలావిడ కళ్ళు తుడుచుకుంది. "ఏం చేస్తాడూ?"

"మేష్టారండి. కొత్తపేటలో."

"పిల్లలో?"

పెద్దమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇదిగోనండి. మా అమ్మాయి." ఆ వెంటనే గుక్క తిప్పుకోకుండా అందుకుంది. "ఇంటిదాకా వెళ్ళక్కర్లేదండీ. మీరు ఇక్కడే దిగి, నాలుగడుగులు వెనక్కేసి, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కండి. ఇక్కణ్ణుంచే బయల్దేరినట్టు. నాకు బొట్టు పెట్టండి, నేను అటెళ్ళి ఎదురొస్తాను. ముత్తయిదువ ఎదురైనట్టే కదండీ."

ముసలావిడ ఎటూ తేల్చుకోలేక చూస్తూ ఉండిపోయింది. గూట్లోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. ఆ పిల్ల నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. చెమటకి చెదిరిన తన కుంకుమని వేలితో తీసి పెద్దమ్మ నుదుటి మీద నొక్కింది. జడలోంచి చేమంతి పువ్వొకటి లాగి ఇచ్చింది. ఇస్తూ పెద్దమ్మ కళ్ళలోకి చూసింది.

పెద్దమ్మ పువ్వు తల్లో పెట్టుకుని మంచులోకి వెళ్ళిపోయింది. ముసలావిడ బండి దిగింది, నాలుగడుగులు వెనక్కేసింది, చెంబులో నీళ్ళు రెండు గుక్కలు తాగి మళ్ళీ ఎక్కింది. అప్పుడు పెద్దమ్మ వచ్చింది. అంతకు ముందుగాని ఆ తరవాతగాని ఆవిడ అలా నడవడం నేను చూడలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ, సంసారంలో మునిగి తేలిన ఇల్లాలిలా నవ్వుతూ వచ్చింది. ముసలావిడ రెండు చేతులూ జోడించింది. "ఇంక భయం లేదే అమ్మాయ్! పోనీరా!" బండి పక్కనుంచి దాటుతుంటే వంగి పెద్దమ్మ గడ్డం పట్టుకుని, "పసుపు కుంకాలతో నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ" అంది. కాసేపటికి రేవు వైపు నుంచి కేకలు వినిపించాయి. పంటు ఆగే ఉంది.

"తుడిచేసుకో పెద్దమ్మా" అన్నాను.

"ఉండవే, చెమటకి అదే పోతుంది" అంది. డిసెంబరు మంచులో చెమటేమిటని నేను అడగలేదు.

పొద్దెక్కి మంచు విడిపోయింది. దారిలో కనిపించిన ప్రతివాళ్ళూ నవ్వి పలకరిస్తున్నారు. "ఎక్కడికమ్మా తల్లీకూతుళ్ళిద్దరూ?" అంటున్నారు. ఎవరూ ఏవిట్లని అడగలేదు. ఒక ఊళ్ళో ఒకావిడ వాకిట్లో ముగ్గేస్తూ, "ఎండపడి పోతున్నారు, లోపలికి రండమ్మా" అని పిలిచి, పీటలు వేసి, ఇత్తడి గ్లాసులతో మజ్జిగ ఇచ్చింది. పెద్దమ్మ ఆ గ్లాసుని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. మజ్జిగ అయిపోయినా కిందపెట్టలేదు. ఆవిడే వచ్చి, "ఇంకాస్త పొయ్యనా అక్కగారూ?" అని అడిగి తీసుకుంది.

మధ్యాహ్నం ఒక కాలవ రేవులో మెట్ల మీద కూర్చుని పెద్దమ్మ మొహం కడుక్కుంది. కడుక్కుంటూ ఏడ్చింది. నుదురు ఎర్రగా కందిపోయేలా రుద్దుకుంది.

"అబద్ధమాడేవని ఏడుస్తున్నావా? ఆ పిల్ల కోసమే కదా!" అన్నాను.

"దానికి కాదే. ఆ అబద్ధం సంగతి దేవుడు చూసుకుంటాడు. ఆ తరవాత తుడుచుకోలేదు చూడు, దానికి." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అందరూ నవ్వుతూ పిలుస్తుంటే తుడుచుకోబుద్ధి కాలేదే. సిగ్గులేకుండా ఇంత దూరం అలాగే నడిచేను. ఆ మజ్జిగ తాగిన ఊళ్ళోనే మా అమ్మ కూలి చేసింది. ఆ వాకిట్లోకి కూడా రానిచ్చేవారు కాదంట. నేను పీటేసుకుని కూచున్నాను, దొంగలాగ." నావైపు తిరిగి, "నిన్ను కూతురన్నాను చూడు, అది కూడా నోట్లోంచి ఎంత గబుక్కున వచ్చిందో" అంది.

నిజం చెప్పాలంటే ఆ పూట నాకెంతో హాయిగా గడిచింది. ఆవిడ పక్కన మొదటిసారి తలెత్తుకుని నడిచాను. ఆవిడ అలా కుమిలిపోతుంటే నా మనసులో మెదిలిందల్లా, రేపట్నుంచి మళ్ళీ మామూలే కదా అన్న దిగులు. ఆ దిగులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఏవగింపు కలుగుతుంది.

కొత్త సంవత్సరం ఆరాధనలో అందరూ రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకోడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్తుంటే పెద్దమ్మ లేవలేదు. పాస్టరుగారు ఆగి చూశారు. పక్కవాళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. పెద్దమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏదో పాపం చేసినవాళ్ళే అలా కూర్చుంటారని మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా అమ్మకి తల తీసేసినట్టయింది. ఇంటికొచ్చాక తలుపేసి నిలదీసింది.

"ఏం చేసేవే? చెప్పు. ఆ గట్లెంట తిరిగేది ఎవరికోసమే? ఎవడైనా ఉన్నాడా?"

పెద్దమ్మ నావైపు చూసింది, తరవాత నవ్వింది. "ఉన్నాడే. కొత్తపేటలో మేష్టారు."

మా అమ్మ ఆవిడతో చాలా కాలం మాట్లాడలేదు. బొట్టు సంగతి చెప్పేద్దామని నేను నోరు తెరవబోతే, పెద్దమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి ఒట్టేయించుకుంది. "బొట్టు పెట్టుకుని ఊళ్ళు తిరిగేనని తెలిస్తే మా అమ్మ గుండాగి చస్తుంది. దానికంటే మేష్టారే నయం" అంది. మా వాళ్ళు ఆ మేష్టారి ఆనవాళ్ళు ఈనాటికీ వెతుకుతూనే ఉన్నారు. కూడికలో ఎవరూ ఆ తిరుగుళ్ళ మాట ఎత్తకపోవడానికి కారణం ఆ లేని మనిషే. ఇప్పుడు అమ్మమ్మా లేదు, అమ్మా లేదు, ఒట్టేయించుకున్న మనిషీ లేదు.

ఆ ఏడాదంతా పెద్దమ్మకి ఒకటే ధ్యాస, ఆ పిల్ల ఏమైందని. పేరు తెలీదు, ఊరు తెలీదు, ఆసుపత్రిలో ఏమని అడుగుతాం? ఆసుపత్రి గేటు ముందునుంచి వెళ్ళినప్పుడల్లా పసిబిడ్డల్ని ఎత్తుకుని బయటికొచ్చే ఆడవాళ్ళ మొహాలు చూసేది. బియ్యం ఏరుతూ ఏరుతూ, "పంటయితే అందింది కదే" అనేది. మళ్ళీ తనే, "అందితే అన్నీ అయినట్టు కాదులే" అనేది. మరుసటి క్రిస్మస్ మర్నాడు ఎక్కడికని నేనడగలేదు. అదే రేవు దాటాం, అదే గట్టెక్కాం.

ఆ రోజు మంచు లేదు. ఎండ తేటగా పడుతోంది. ఒకపక్క పొదలు కొట్టేసి చేను సాగుచేశారు. ఎదురుగా ఇద్దరాడవాళ్ళు వస్తున్నారు. ముందు ముసలావిడ, చంకలో బిడ్డ. వెనక ఆ పిల్ల, కొత్త చీర కట్టుకుని, తలమీద పళ్ళబుట్టతో. అప్పనపల్లికి మొక్కు చెల్లించుకోడానికి వెళ్తున్నట్టున్నారు. "అదేనే! బతికే ఉందే!" అంటూ పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడ గోళ్ళు నాకు గుచ్చుకున్నాయి. నేనెరిగినంతలో మొదటిసారి ఆవిడ దిగే చోటుండి కూడా గట్టు దిగలేదు. మొహమంతా నవ్వు చేసుకుని, నడిదారిలో, బిడ్డ కోసం చేతులు కాస్త ముందుకి చాపి నిలబడింది.

ముసలావిడ దగ్గరికొచ్చి పెద్దమ్మ నుదురు చూసి టక్కున ఆగిపోయింది. కొంగు లాగి బిడ్డ మొహం మీద కప్పేసి, అటు తిరిగిపోయింది.

"ఆగవే అమ్మాయ్, బొట్టులేని మనిషి ఎదురొస్తంది. దాటిపోనీ."

గుర్తుపట్టలేదో, గుర్తుపట్టే అలా తిరిగిందో నాకు తెలీదు. ఆ పిల్ల మాత్రం గుర్తుపట్టింది. పెద్దమ్మ నుదుటికేసి చూసింది. కుడిచేతి చూపుడువేలు బుట్ట అంచు మీద కదిలింది. ఏదో అనబోయి, అత్తగారి వీపుకేసి చూసి, కళ్ళు దించేసుకుంది. నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా చెయ్యి నొక్కి, "ఊరుకో" అంది, మెల్లిగా. తను గట్టు దిగి చేలోకి వెళ్ళి, వాళ్ళకి వీపు తిప్పి నిలబడింది. వాళ్ళు గబగబా దాటి వెళ్ళిపోయారు.

వాళ్ళ మాటలు వినిపించనంత దూరం వెళ్ళాక పెద్దమ్మ గట్టెక్కింది. కాళ్ళకంటిన మన్ను దులుపుకుంది. నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"మగపిల్లాడా, ఆడపిల్లా? నాకు కనపళ్ళేదే."

"ఆడపిల్ల" అన్నాను.

"బాగుందా?"

"బాగుంది పెద్దమ్మా. బొద్దుగా ఉంది. నవ్వుతోంది."

"పోన్లే" అంది, కళ్ళు తుడుచుకుని నడక మొదలెట్టింది.

నేనూ చూడలేదు. వాళ్ళు దాటి వెళ్ళినంతసేపూ సిగ్గుతో నా కాళ్ళకేసే చూసుకుంటూ నిలబడ్డాను.